సందర్శకుడి పేరు

మార్చి 4, 1985, సోమవారం

పొద్దున్నే ఫోను. "బార్బరా సట్టన్ గారేనండీ?" అని ఎవరో ఆడమనిషి గొంతు.

అవునన్నాను. రిటైరై ఏడేళ్లయినా ఆ పేరు వినగానే నోరు దానంతటదే అవునంటుంది.

నది అవతల గ్రంథాలయంలో పాత రికార్డులు చూసే ఆవిడట, పేరు ఇరీనా హుడాక్. హాలోవే కంపెనీ మూసేసినప్పుడు గోదాములో పడున్న ఫొటోలన్నీ వాళ్లకిచ్చేశారట. లెక్కల యంత్రాలు, కార్డులకి రంధ్రాలు కొట్టే పంచింగ్ హాలు, పిక్నిక్కులు, అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు. ఈ నెలాఖరున ప్రదర్శన పెడుతున్నారు. "గ్లాడిస్ పర్డీ గారు మీ నంబరిచ్చారు. మీరు పంచింగ్ హాల్లో నలభయ్యేళ్లు చేశారట కదా. ఒక ఫొటోలో మిమ్మల్ని గుర్తుపట్టారు కూడా. ఒకసారి రాగలరా?"

ఎల్లుండి వస్తానన్నాను. ఆ హాల్లో నాతోపాటు పనిచేసిన గ్లాడిస్ నోట్లో నువ్వుగింజ నానదు.

మార్చి 6, బుధవారం

బస్సులో వంతెన దాటి వెళ్లాను. ఇరీనాకి యాభై ఉంటాయి. చేతులకి తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని, పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఫొటో తెచ్చి నా ముందు పెట్టింది.

నేనే. పంచింగ్ మిషన్ ముందు, తెల్ల కాలరు, నున్నగా దువ్విన తల. ఇరవయ్యేళ్లు. పక్కన ఒక ముసలాయన. నల్ల కోటు, గడ్డం, తల మీద టోపీ. వంగి మిషన్ వంక చూస్తున్నాడు. నేను మీటల వంక చూస్తున్నాను.

వెనకాల పెన్సిల్‌తో "ఓపెన్ డే, జూన్ 1938. మిస్ బి. సట్టన్, ఒక సందర్శకుడు" అని రాసుంది.

"నాలుగు వేలల్లో నాకు నచ్చింది ఇదేనండీ" అంది ఇరీనా. "పెద్దది చేయించి గుమ్మం ఎదురుగా పెడదామనుకుంటున్నా. ఈ పెద్దాయన ఎవరో తెలుసా?"

"ఆ రోజు వందలమంది వచ్చారమ్మా. గుర్తులేదు."

సాయంత్రం మామూలుగానే గ్లాడిస్ రమ్మీకి వచ్చింది. ఫొటో చూశానని చెబితే పడీపడీ నవ్వింది. "ఆ మూతి ముడుపేమిటే బార్బ్! ఆ గడ్డపాయన నీ మిషన్‌ని బేరమాడాడా ఏం? ఆ యూదులకి అలవాటేగా, గోడగడియారమైనా సరే సగానికిస్తావా అంటారు."

నేనూ నవ్వాను. రెండు ఆటలు నేనే గెలిచాను.

మార్చి 7, గురువారం

గుర్తులేదన్నది అబద్ధమేమీ కాదు. నలభై ఏడేళ్లయింది.

మార్చి 10, ఆదివారం

మెండెల్ ప్లాట్కిన్ వచ్చాడు. మా షుల్‌కి, అంటే మా యూదుల ప్రార్థన మందిరానికి, ఇప్పుడు అధ్యక్షుడూ అతనే, కోశాధికారీ అతనే, మంచు ఎత్తిపోసేదీ అతనే. ప్రార్థనకి పదిమంది మగాళ్లు కావాలి. పదకొండుమందే మిగిలారు, అందులో ఒకరికి ఆక్సిజన్ గొట్టం. వేసవిలో భవనం అమ్మేస్తున్నారు.

"మన ఫొటోలన్నీ నది అవతల గ్రంథాలయానికి ఇచ్చేశా బ్రైనా" అన్నాడు. "పెళ్లిళ్లు, పిల్లల బడి, మీ అమ్మావాళ్ల వంటల సంఘం. కంపెనీ ఫొటోలూ మనవీ కలిపి ఒకటే ప్రదర్శన పెడతారట. అక్కడ ఇరీనా అని ఒకావిడ ఉంది, మంచి మనిషి. మొహాలకి పేర్లు చెప్పాలి. నువ్వొస్తే గంటలో అయిపోతుంది. నాకు ఆడవాళ్లంతా ఒక్కలాగే కనిపిస్తారు."

"అందుకేగా నీకు రెండు పెళ్లిళ్లయ్యాయి."

"రెండోసారి ఆవిడే నన్ను గుర్తుపట్టింది. వస్తావా?"

మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, బస్సెక్కలేనన్నాను.

"కారులో తీసుకెళ్తానే తల్లీ."

"కారులో కూర్చుంటే ఇంకా నొప్పి."

అతను నా మోకాళ్ల వంక చూశాడు. ఆ పూటే కుర్చీ ఎక్కి కిటికీ తెరలు మార్చాను. దించిన తెరలు ఇంకా నేల మీదే ఉన్నాయి.

మార్చి 13, బుధవారం

రమ్మీ. గ్లాడిస్ ఈస్టరుకి పిలిచింది, ఎప్పటిలాగే. పంది తొడ ఈసారి పెద్దది తెస్తుందట.

నా తలుపు మీద "బి. ఎస్." అని మాత్రం ఉంటుంది. ఏ పేరైనా సరిపోతుంది. ముప్ఫై ఏళ్ల కింద ఆ రెండక్షరాలు నేనే రాయించి పెట్టుకున్నాను, అప్పుడు ఎంత తెలివైనదాన్ననుకున్నానో.

మార్చి 17, ఆదివారం

మెండెల్ ఒక్కడే వెళ్లొచ్చాడు. టీ ఇచ్చాను. చాలాసేపు చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆవిడ ఒక కంపెనీ ఫొటో చూపించింది" అన్నాడు. "మన గెట్జెల్ ఉన్నాడందులో. మా షుల్‌కి ముప్ఫయ్యేళ్లు సేవకుడు, తలుపులు తీసేవాడు, దీపాలు పెట్టేవాడు, పొయ్యి రాజేసేవాడు అని చెప్పా. రాసుకుంది."

"ఇంకేమంది?"

"పక్కనున్న అమ్మాయిని ఎరుగుదురా అంది."

నేను పంచదార డబ్బా మూత పెట్టాను.

"వెనక పేరు రాసే ఉందిగా తల్లీ, ఎవరో బార్బరా అట, అన్నాను" అన్నాడు మెండెల్. టీ తాగేశాడు. "నా కళ్లద్దాలు మార్పించుకోవాలి బ్రైనా. పాతబడిపోయాయి."

వెళ్లేటప్పుడు నేల మీది తెరలు మడతపెట్టి కుర్చీలో పెట్టి వెళ్లాడు.

మార్చి 18, సోమవారం

రాసేస్తాను. ఎవరు చదవబోతున్నారు గనక.

హాలోవేలో మావాళ్లని తీసుకునేవారు కాదు. అలాగని ఎక్కడా రాసి ఉండదు. దరఖాస్తులో "మీ చర్చి పేరు" అని ఒక గీత ఉండేది, అంతే. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నాన్నకి షుల్‌లో ఇచ్చేదానితో ఇల్లు గడిచేది కాదు. రెండు ఆఫీసుల్లో బ్రైనా సుడార్స్కీ అని రాసిచ్చాను, జవాబే లేదు. హాలోవేలో బార్బరా సట్టన్, మెథడిస్టు చర్చి అని రాసిచ్చాను. మర్నాడే రమ్మన్నారు.

ఇంట్లో ఉద్యోగం సంగతి చెప్పాను, పేరు సంగతి చెప్పలేదు. నాన్న పొంగిపోయాడు. "చూశావా హిండే, వీళ్లు మారుతున్నారు" అన్నాడు అమ్మతో.

మరుసటేడు జూన్‌లో ఓపెన్ డే పెట్టారు. ఊళ్లోవాళ్లెవరైనా వచ్చి కంపెనీ చూడొచ్చు. నేను ఇంట్లో చెప్పలేదు. నాన్న పేపర్లో చూశాడు. శనివారం ప్రార్థనకి వేసుకునే కోటు ఆదివారం వేసుకుని, వంతెన మీద నడుచుకుంటూ వచ్చాడు.

ఆ రోజు నాకు పెట్టిన పని ఏమిటంటే, వచ్చినవాళ్ల ఇంటిపేరు అడిగి, కార్డు మీద కొట్టి, జ్ఞాపకంగా చేతికివ్వడం. మీట నొక్కితే అక్షరం పడదు, రంధ్రాలు పడతాయి. జనం కార్డు వెలుతురుకి పెట్టి చూసుకుని మురిసిపోయేవారు. వరస పెద్దగా ఉంది. తల దించుకుని కొడుతున్నాను. కార్డు ఇవ్వబోతూ తలెత్తితే నాన్న.

"బ్రై" అన్నాడు. అంతవరకే. వెనకనుంచి సూపర్‌వైజరు "మిస్ సట్టన్, ఈ తాతగారి పేరు కూడా కొట్టివ్వండి" అన్నాడు.

నాన్న నోరు మూసుకున్నాడు. నా గుండెల మీద పేరు బిళ్ల ఉంది. ఆయనకి ఇంగ్లిషు చదవడం వచ్చు, కానీ నెమ్మదిగా. పెదాలు కదిలిస్తూ చదివాడు.

"మీ పేరు, సర్?" అన్నాను.

ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నేనే అడిగాను.

ఆయన టోపీ సవరించుకున్నాడు. సూపర్‌వైజరు వంక చూశాడు. "స్మిత్" అన్నాడు. ఆయన నోట్లో అది "ష్మిట్" అయింది.

సూపర్‌వైజరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నేను కార్డు కొట్టి ఇచ్చాను. "థాంక్యూ, మిస్" అని, అందరికీ దారిచ్చుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత సూపర్‌వైజరు ప్రతి బల్ల దగ్గరా ఆగి "స్మిత్ అట!" అని చెప్పాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కానీ నేను స్మిత్ అని కొట్టలేదు. ఇది మాత్రం రాసుకోవాలి. సుడార్స్కీ అని కొట్టాను. రంధ్రాలు చదవడం అక్కడ మాలాంటి పదిమందికి తప్ప ఎవరికీ రాదు. ఆయన జేబులో ఆయన సొంత పేరే పెట్టి పంపాను. ఇన్నేళ్లూ ఆ సంగతి తలుచుకునే నిద్రపోయాను.

మార్చి 20, బుధవారం

గ్లాడిస్. రమ్మీ. ఆవిడ కొత్త ఇంటి యజమాని యూదుడట, మెట్ల మీద బల్బు మార్చడట. "ఆ జాతే అంత" అంది. ముక్క వెయ్యమన్నాను.

మార్చి 22, శుక్రవారం

షుల్‌లో చిరిగిపోయిన ప్రార్థన పుస్తకాలన్నీ ఏరి, మా ఆచారం ప్రకారం శ్మశానంలో పూడ్చడానికి పెట్టెల్లో సర్దుతున్నారు. నాన్న పుస్తకం కనబడిందని మెండెల్ తెచ్చిచ్చాడు. "ఇది పూడ్చబుద్ధి కాలేదు. లోపల ఏదో చీటీ కూడా ఉంది, చిల్లులున్నది" అన్నాడు. గుమ్మంలోంచే వెళ్లిపోయాడు.

చీటీ కాదు. కార్డు. చనిపోయిన సొంతవాళ్ల కోసం చదివే సంతాప ప్రార్థన ఉన్న పేజీలో పెట్టుకున్నాడు. అంచులు మెత్తబడి గుడ్డలా అయిపోయాయి. 

చదవనక్కర్లేకపోయింది. సుడార్స్కీకి ఇంగ్లిషులో ఎనిమిది అక్షరాలు. దీని మీద ఐదే ఉన్నాయి.

అయినా వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమాను. ఎస్. ఎమ్. ఐ. టి. హెచ్.

మార్చి 23, శనివారం

ఐదే.

మార్చి 25, సోమవారం

గ్రంథాలయానికి వెళ్లాను. పెద్దది చేసిన ఫొటో అప్పటికే గోడకి ఆనించి ఉంది, నాకంటే ఎత్తు. కింద చీటీ టైపు చేసి పెట్టారు: "మిస్ బార్బరా సట్టన్, సందర్శకుడు గెట్జెల్ సుడార్స్కీ."

ఊరుకుంటే సరిపోయేది. తప్పేమీ లేదు అందులో. దాని ప్రకారం ఇద్దరూ ఒకరికొకరు ఏమీ కారు, అంతే.

"ఇరీనా గారూ, ఆయన మా నాన్న" అన్నాను.

ఆవిడ నా వంక చూసి, ఫొటో వంక చూసి, మళ్లీ నా వంక చూసింది. తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. కూర్చోమంది. కూర్చుని అంతా చెప్పాను, కార్డుతో సహా. మధ్యలో ఎవరో వచ్చి ఏదో అడిగితే "తర్వాత" అని పంపేసింది.

"ఏమని రాయమంటారు?"

"ఉన్నదున్నట్టు."

టైపు మిషన్‌లో కాగితం పెట్టి, నన్ను అడిగి అడిగి కొట్టింది. "గెట్జెల్ సుడార్స్కీ, ఆయన కూతురు బ్రైనా. ఉద్యోగం కోసం ఆమె కంపెనీలో బార్బరా సట్టన్ అనే పేరు పెట్టుకుంది. ఈ ఫొటో తీసినప్పుడు వాళ్లు అపరిచితుల్లా మాట్లాడుకున్నారు." ఆఖరి వాక్యం నేనే చెప్పాను.

"మా అమ్మ ఆ హాలు ఇరవై ఆరేళ్లు తుడిచింది" అంది ఇరీనా, కాగితం తీస్తూ. "నాలుగు వేల ఫొటోలూ నేను మొదట అందుకే చూశాను. ఒక్కదాంట్లోనూ లేదు."

ఆవిడ అమ్మగారి పేరడిగాను. జుజానా అట. నాకు గుర్తులేదు. ఈసారి నిజంగానే.

మార్చి 27, బుధవారం

గ్లాడిస్‌కి చెబుదామనుకున్నాను. జలుబుతో ఉంది పాపం. తర్వాత చెప్పొచ్చు.

మార్చి 29, శుక్రవారం

ఫోను తీశాను. ఎంగేజ్. మళ్లీ చేయలేదు.

మార్చి 31, ఆదివారం

నీలం గౌను వేసుకున్నాను. మెండెల్ కారులో తీసుకెళ్లాడు. దారిలో నేనే చెప్పాను, చీటీ మార్పించానని. "మంచిపని చేశావు" అన్నాడు. వంతెన ఎక్కాక, "నాకు అప్పుడే తెలుసు బ్రైనా. నలభై ఏడేళ్ల కిందే. మా అన్న ఆ ఓపెన్ డేకి వెళ్లొచ్చి అంతా చెప్పాడు" అన్నాడు. అంటే షుల్ మొత్తానికీ తెలుసన్నమాట. నాన్నకీ తెలుసుండాలి, వాళ్లందరికీ తెలుసని. అయినా ప్రతి శనివారం వాళ్లకి తలుపు తీశాడు.

హాలు నిండా జనం. ఒక పక్క లెక్కల యంత్రాలు, కార్డులు వేరుచేసే పెద్ద మిషన్లు, టై కట్టుకున్న మేనేజర్లు. ఇంకో పక్క మా పెళ్లి పందిళ్లు, బడిపిల్లలు, పెద్ద పళ్లేలు పట్టుకున్న మా అమ్మావాళ్లు. మావాళ్లు పదకొండుమందీ వచ్చారు, ఆక్సిజన్ గొట్టమాయనతో సహా. పంచింగ్ హాలు ఆడవాళ్లు నలుగురు. నన్ను చూసి "బార్బ్!" అని ఒకరూ "బ్రైనా!" అని ఒకరూ ఒకేసారి పిలిచారు. రెండువైపులా తలూపాను.

గ్లాడిస్ అప్పటికే గుమ్మం ఎదుటి ఫొటో ముందు నిలబడి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని చీటీ చదువుతోంది. ఆవిడ ఎప్పుడూ పైకే చదువుతుంది. "ఆయన కూతురు" దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది, ఈసారి పైకి కాదు.

దగ్గరికెళ్లాను. "గ్లాడిస్, చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"మొన్న బుధవారం."

"మనం కలిసి పనిచేయడం మొదలెట్టి నలభయ్యేళ్లు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నీ ముందు నేను ఏమేం వాగానో నాకే తెలియదు. నువ్వు ఆపలేదు. నువ్వు నవ్వావు బార్బ్. నాకంటే ఎక్కువ నవ్వావు."

"అవును."

"నన్నేం చేశావో తెలుసా? నీ ఇంట్లో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నన్ను చెడ్డమనిషిని చేశావు. ఒక్కసారి 'నోర్ముయ్ గ్లాడిస్' అంటే నీ సొమ్మేం పోయేది?"

చేతిసంచీ బిగించి పట్టుకుని వెళ్లిపోయింది. బస్టాపు దాకా కిటికీలోంచి చూశాను. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ఒక్కసారీ ఇటు తిరగలేదు.

ఏప్రిల్ 3, బుధవారం

రాలేదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

మా పెసాహ్ పండుగ మొదటి రాత్రి. మెండెల్ ఇంట్లో తొమ్మిదిమందిమి. మెండెల్ భార్య చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ ఏమీ అనలేదు. నా ఫొటో సంగతి కూడా ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం నేను లేచినప్పుడల్లా "కూర్చో బ్రైనా" అంది, తన చెయ్యి నా చెయ్యి మీద వేసి.

ఏప్రిల్ 7, ఆదివారం

ఈస్టర్. ముప్ఫై తొమ్మిదేళ్లలో మొదటిసారి ఇంట్లోనే ఉన్నాను. ఫోను రెండుసార్లు తీసి చూశాను, పనిచేస్తోందా అని. పనిచేస్తోంది.

ఏప్రిల్ 10, బుధవారం

ఏడింటికి గంట మోగింది. గ్లాడిస్. చేతిలో కాగితం చుట్టిన పళ్లెం.

"ఈస్టరుకి చేసిన కేకు మిగిలిపోయింది" అంది. పళ్లెం ఇంకా వేడిగా ఉంది.

లోపలికొచ్చి కోటు విప్పకుండానే కుర్చీ అంచు మీద కూర్చుంది. కాఫీ పెట్టాను. కేకు కోసి నా ముందుకి తోసింది.

"ఈ వారం నేనిది తినకూడదు గ్లాడిస్. మా పండుగ. పులిసింది ఏదీ ముట్టం."

ఆ మాట ఆవిడతో అనడం అదే మొదలు.

"ప్రతి ఈస్టరుకీ నా బల్ల దగ్గర ఉత్త బంగాళాదుంపలు తినేదానివి" అంది. "కడుపులో బాగాలేదనేదానివి."

"కడుపు బాగానే ఉండేది."

"ప్రతి ఏడూ?"

"ప్రతి ఏడూ."

"మరి ఏం తింటావు ఈ వారం?"

పులియని రొట్టె డబ్బా తెచ్చాను. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. "అట్టపెట్టె కూడా ఇంతకంటే నయం" అని, చటుక్కున నా మొహంలోకి చూసింది, అనకూడనిది అన్నానేమోనని.

"నిజమే. అట్టపెట్టే నయం" అన్నాను.

ఆవిడ ఇంకో ముక్క విరిచింది, నోట్లో వేసుకోలేదు.

"ఈ పదిరోజులూ నేనన్నవన్నీ గుర్తు తెచ్చుకోవాలని చూశాను" అంది. "కొన్నే గుర్తొచ్చాయి. నీకు గుర్తుండే ఉంటాయి."

"కొన్ని."

"బార్బ్."

"అన్నీ."

ఆవిడ తలూపింది. "సారీ చెప్పడానికి మాత్రమే రాలేదు. నా కోపం పోలేదు. నువ్వు నవ్వకుండా ఉంటే మొదటిసారే మానేసేదాన్ని."

"మానేసేదానివా?"

ఆలోచించింది. "ఏమో" అంది.

కాఫీ చల్లారిపోయింది. లేచి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు.

"ఆ రోజు ఇంటికెళ్లాక ఏమన్నాడు మీ నాన్న?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్లు కూడా అడగలేదు. చెప్పాను. ఆ రోజు డ్యూటీ అయ్యాక ఇంటికి పోవడానికి భయమేసి నది ఒడ్డున చీకటిపడేదాకా తిరిగాను. వెళ్లేసరికి నాన్న చారు తాగుతున్నాడు. అమ్మ ఆయన్నే పట్టుకుని అడుగుతోంది, వెళ్లావా, చూశావా, పిల్ల కనబడిందా అని.

"కనబడింది" అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు. "పెద్ద బల్ల. దాని ఒక్కదానికే ఒక దీపం. ఆ వేళ్లు చూడాలి హిండే, కంటికి అందవు. అంత పెద్ద సూపర్‌వైజరు కూడా మన పిల్లని మిస్ అని పిలుస్తున్నాడు."

అమ్మ కళ్లు తుడుచుకుంది, సంతోషంతో. నాకు చారు పోసింది. నాన్న బతికున్న ఇంకో పదకొండేళ్లలో వంతెన దాటి ఎప్పుడూ రాలేదు.

గ్లాడిస్ బల్ల మీది రొట్టె పలుకులు వేలితో ఒకచోటికి చేర్చింది. చాలాసేపు అదే పని చేసింది.

"ఆయన పేరు ఆ చీటీ మీద చదివాను కానీ నాకు నోరు తిరగలేదు" అంది. "ఎలా పలకాలి?"

"గెట్జెల్."

"గెసిల్."

"కాదు. గెట్, జెల్. కలిపి అను."

"గెస్జిల్."

"కాదు గ్లాడిస్."

మళ్లీ అంది. మళ్లీ తప్పే. మళ్లీ చెప్పాను. నాలుగోసారికి దగ్గరకొచ్చింది. అప్పుడు లేచి, కోటు విప్పి, కుర్చీ వెనకకి తగిలించింది.